ఇరుసు ఊపిరిగొట్టము – దమ్ములోను, వాగులోను
(రైతు సదస్సులో చేసిన ప్రసంగపాఠము)



సస్యశాస్త్రము బోధించువాడు వేదిక ఎక్కినచో వరి వంగడముల గురించియో, ఎరువుల మోతాదుల గురించియో చెప్పునని మీరు ఎదురుచూచుట సహజము. నేను ఈ దినము చెప్పబోవునది బొటనవ్రేలి కణుపంత కూడ లేని ఒక చిన్న మూతను గురించి. అది మీ ట్రాక్టరు వెనుక ఇరుసు పెట్టెపై ఒకచోట ఉండును. నాలుగు చక్రములు తిరుగు ట్రాక్టరైనచో ముందు ఇరుసు మీద కూడ ఒకటి ఉండును. జీపులకు, పికప్ బండ్లకు డిఫరెన్షియల్ పెట్టె నెత్తిన ఉండును. దాని పేరు బ్రీదర్. వర్క్‌షాపులలో అందరు ఆ మాటే వాడుచున్నారు గనుక నేనును అదే వాడెదను. ఊపిరిగొట్టము అనుకొన్నచో అర్థము సులభముగా బోధపడును.

ఇది ఇంజనీరు చెప్పవలసిన సంగతి కదా, సస్యశాస్త్రము వానికి ఎందుకు అని మీరు అడుగవచ్చును. చెప్పెదను. ఇరుసులో నీరు చేరి బండి నిలిచిపోవుట సాధారణముగా ఎప్పుడు జరుగును? ఆషాఢ శ్రావణ మాసములలో, దమ్ము ముమ్మరముగా సాగునప్పుడు. అప్పుడు షాపులో విడిభాగములు దొరకవు, మెకానిక్కు దొరకడు, బాడుగకు మరియొక ట్రాక్టరు దొరకదు. నారుమడిలో నారు మాత్రము ఆగదు. ముదిరిన నారు నాటినచో పిలకలు తగ్గును, పిలకలు తగ్గినచో వెన్నులు తగ్గును. పది దినములు ఆలస్యమైన నాటుకు తరువాత ఎన్ని బస్తాల యూరియా చల్లినను పోయిన పిలక తిరిగి రాదు. కాబట్టి ఆ చిన్న మూత మీ దిగుబడికి సంబంధించినదే.

ముందుగా అది ఏమి పని చేయునో తెలిసికొందము. ఇరుసు పెట్టెలో క్రౌను, పినియను, బేరింగులు ఉండును. అవి మునుగునంత మేర గేర్ ఆయిల్ పోయుదుము. పెట్టె నిండుగా పోయము, పైన కొంత ఖాళీ విడిచెదము. ఆ ఖాళీలో గాలి ఉండును. బండి నడిచినకొద్దీ పళ్ళు రాచుకొని నూనె వేడెక్కును, గాలియు వేడెక్కును. వేడెక్కిన గాలి వ్యాకోచించి బయటకు పోజూచును. అది పోవుటకు దారి బ్రీదరు. బండి ఆగి చల్లబడినప్పుడు లోపలి గాలి కుంచించుకొని పోయి బయటి గాలిని లోనికి పీల్చుకొనును. ఆ రాకకు కూడ దారి బ్రీదరే. అనగా మీ బండి ఇరుసు దినమునకు ఎన్నో పర్యాయములు ఉచ్ఛ్వాస నిశ్వాసములు చేయుచున్నది.

ఇప్పుడు ఆ పీల్చు సమయములో ముక్కు నీటిలో ఉన్నచో ఏమగును?

ఒక చిన్న లెక్క చూడుడు. పెట్టెలో నూనెపైన 5 లీటర్ల గాలి ఉన్నదనుకొందము. రోడ్డుపై పది మైళ్ళు వచ్చిన బండి ఇరుసులో వేడి 80 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చేరినదనుకొందము. అది 30 డిగ్రీల వేడిగల వాగు నీటిలో దిగి చల్లబడినచో ఆ గాలి సుమారు ఏడవ వంతు కుంచించుకొనిపోవును. అనగా ముప్పావు లీటరుకు కొంచెము తక్కువగా చోటు ఏర్పడును. ఆ చోటును ఏదో ఒకటి నింపవలెను. బ్రీదరు గాలిలో ఉన్నచో గాలి నింపును, నీటిలో ఉన్నచో నీరు నింపును. బ్రీదరు పూర్తిగా మూసికొనిపోయి ఉన్నచో లోపల ఏర్పడు పీల్పు నాలుగున్నర అడుగులకు పైబడి నీటిని పైకి లాగగల బలము కలిగియుండును. అంతటి పీల్పును చక్రము వద్ద ఉన్న ఆయిల్ సీలు ఎట్లు ఆపగలదు? ఆయిల్ సీలు అంచు లోపలి నూనెను బయటకు పోనీయకుండ ఆపుటకు ఏర్పరచినది. బయటి నీరు లోనికి రాకుండ ఆపుట దానికి చేతకాని పని. కొంతవరకు ఆపును, అంతే.

నూనె నిమిషములో చల్లబడదు గనుక ఈ నష్టమంతయు ఒక్క మునకలో జరుగదు, నిజమే. కాని దమ్ములో ఒక్క మునకతో పని ముగియదు గదా. గట్టు ఎక్కుట, మడిలో దిగుట, కాలువ దాటుట – ఉదయమునుండి సాయంకాలము వరకు ఇదే పని. ప్రతి పర్యాయము చెంచాడు నీరు పోయినను వారము దినములలో ఎంత చేరునో మీరే లెక్కవేసికొనుడు.

ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. అన్ని బ్రీదర్లు సమానముగా ప్రమాదములో లేవు. పెద్ద ట్రాక్టరు వెనుక పెట్టెకు బ్రీదరు సాధారణముగా పైన, హైడ్రాలిక్ మూత సమీపమున ఉండును. అంత ఎత్తునకు దమ్ము నీరు రాదు. అక్కడ చిక్కు నీటిలో మునుగుట కాదు, బురదతో పూడుట. కేజీ వీల్సు ఎగజిమ్మిన బురద దానిపై పడి ఎండి సిమెంటువలె గట్టిపడును. అట్లు పూడిన బ్రీదరు మునిగిన బ్రీదరుకంటె మేలు కాదు. కాని ముందు ఇరుసు సంగతి వేరు. అది క్రిందుగా ఉండును. నాలుగు చక్రములు తిరుగు ట్రాక్టర్లు మన డెల్టాలో ఎక్కువైనకొద్దీ ఈ కష్టమును ఎక్కువైనది. చక్రము జానెడు దిగబడినచో ముందు డిఫరెన్షియల్ పెట్టె బురదలో పొర్లాడుచుండును. చిన్న ట్రాక్టర్లకు ఇంకను క్రిందుగా ఉండును. జీపులకు, పికప్ బండ్లకు రెండు ఇరుసులును తక్కువ ఎత్తున ఉండుటచే మోకాలిలోతు నీటికే బ్రీదర్లు మునుగును. కాబట్టి వెనుక పెట్టె బ్రీదరును శుభ్రముగా ఉంచుట చాలును. ముందు ఇరుసు బ్రీదరును, జీపు బ్రీదర్లను పైకెత్తవలెను.

పైకెత్తుట అను పని క్రొత్తది కాదు. 1944 జూన్‌లో మిత్రరాజ్యముల సైన్యములు ఫ్రాన్సు దేశములోని నార్మండీ తీరమున దిగినప్పుడు ఓడలనుండి సముద్రపు నీటిలోనికి దూకవలసిన జీపులకు, లారీలకు గాలి పీల్చు గొట్టములను ఎత్తుగా పొడిగించి, తడి తగులరాని భాగములకు మైనమువంటి లేపనము పూసిరి. ఆస్ట్రేలియాలో నదులు దాటి దూరప్రయాణములు చేయువారు ఇప్పటికిని తమ బండ్లకు మొదట చేయించుకొను మార్పులలో ఇరుసు బ్రీదర్ల పొడిగింపు ఒకటి. కొన్ని క్రొత్త బండ్లకు తయారుచేయు వారే ఈ గొట్టము అమర్చి పంపుచున్నారు. మీ బండికి అట్టిది ముందే ఉన్నదేమో మొదట క్రిందికి వంగి చూడుడు. బండికి వారంటీ ఇంకను ఉన్నచో డీలరును అడుగకుండ చేయి వేయవద్దు.

ఇక చేయు విధానము. ఇది గంట, రెండు గంటల పని. గ్రామములోని మెకానిక్కు చేయగలడు, చేయి తిరిగిన రైతు తానే చేసికొనవచ్చును.

మొదట బ్రీదరు చుట్టు ఉన్న మట్టిని డీజిలు ముంచిన బ్రష్షుతో పూర్తిగా కడిగి గుడ్డతో తుడువవలెను. ఈ పని చేయకుండ స్పానరు పెట్టినచో ఎండిన మట్టి రంధ్రములోనుండి నేరుగా క్రౌను మీద పడును. మేలు చేయబోయి కీడు చేసినట్లగును. పిమ్మట బ్రీదరును విప్పి, దానిని జేబులో వేసికొని విడిభాగముల షాపునకు వెళ్ళుడు. నోటితో కొలత చెప్పి తెచ్చుకొనవద్దు. మర కొలతలు బండికొక రకముగా ఉండును, దగ్గరి కొలత మరను బలవంతముగా బిగించినచో పెట్టె మర పోవును. అది బాగుచేయుట పెద్ద పని. విప్పిన బ్రీదరు మరకు సరిపోవునట్టి, పైన రబ్బరు గొట్టము తొడుగుటకు వీలైన ఇత్తడి నిపిల్ తీసికొనుడు. కొన్ని జీపులకు మర ఉండదు, బ్రీదరు పొట్టి గొట్టము వలెనే ఉండి పైన వదులు మూత ఉండును. వాటికి మూత తీసి నేరుగా గొట్టము తొడుగవచ్చును.

గొట్టము విషయములో చౌకబారు పని చేయవద్దని నా మనవి. తోటకు నీరు పెట్టు ప్లాస్టిక్ గొట్టము వేడికి మెత్తబడి నొక్కుకొని మూసికొనును. ఎండకు ఎండి పగులును. డీజిలుకు, నూనెకు తట్టుకొను రబ్బరు గొట్టము, లోపలి వ్యాసము 6 నుండి 8 మిల్లీమీటర్లు కలది తీసికొనుడు. ఒక్కొక్క ఇరుసుకు రెండు మూడు గజములకు మించి పట్టదు. దానితో రెండు క్లిప్పులు కావలెను.

గొట్టము నడిపించు దారియే ఈ పనిలో అసలైన నేర్పు. క్రిందినుండి పై వరకు గొట్టము ఎక్కుచునే పోవలెను, మధ్యలో ఎక్కడను ఊయలవలె జారి వ్రేలాడరాదు. వ్రేలాడినచోట నూనె ఆవిరి చల్లబడి చుక్కలుగా చేరి నిలుచును. ఆ చుక్కలే దారిని మూసివేయును. అప్పుడు బ్రీదరు ఉన్నను లేనట్లే. ఇరుసు కదలుచుండునని మరువరాదు. జీపు ఇరుసు పట్టీలపై పైకిని క్రిందికిని ఆడును. ట్రాక్టరు ముందు ఇరుసు మధ్య మేకుపై త్రాసువలె తూగును, చక్రములు ఒక ప్రక్కకు తిరిగినప్పుడు దగ్గరి భాగములన్నియు స్థానము మారును. అందుచేత ఇరుసునుండి ఛాసిస్‌కు దాటుచోట మాత్రము తగిన వదులు విడువవలెను. వదులు విడుచుటకును, వ్రేలాడనిచ్చుటకును భేదమున్నది. వంపు పైకి ఉండవలెను, క్రిందికి కాదు. సైలెన్సరు గొట్టమునకు, తిరుగు షాఫ్టులకు, ఫ్యాను బెల్టుకు దూరముగా తీసికొనిపోయి అడుగునకొక కట్టు వేయుడు. కట్టు గొట్టమును నొక్కరాదు. బ్రేకు పైపుకు కట్టవద్దు.

పై చివర ఎక్కడ ఉండవలెను? ట్రాక్టరైనచో బానెట్టు క్రింద రేడియేటరు పైఎత్తున, ఫ్యాను గాలి తగలని చోట కట్టవచ్చును. జీపైనచో ఇంజను గదిలో వెనుక గోడ పైభాగమున కట్టవచ్చును. వెనుక ఇరుసు గొట్టమును బాడీలో వెనుక దీపము వెనుకభాగమున ఎత్తుగా నిలుపవచ్చును. ఆ చివర క్రిందికి వంగి ఉండవలెను, లేనిచో వాననీరు దానిలోనే పడును. విప్పిన పాత బ్రీదరు మూతను శుభ్రపరచి అక్కడ బిగించుట మంచి పద్ధతి. అది కుదరనిచో మోటారు సైకిలు పెట్రోలు గొట్టమునకు వాడు చిన్న ఫిల్టరు తొడుగుడు. దుమ్ము పోకుండ అది చాలును. ఆ చివరను ఇంజను గాలి పీల్చు గొట్టమునకు కలుపు వారున్నారు. అది పనికిరాదు, ఇంజను పీల్పు ఇరుసులోని నూనె ఆవిరిని కూడ లాగివేయును.

అన్నియు బిగించిన తరువాత పై చివర నోరు పెట్టి మెల్లగా ఊదుడు. గాలి అడ్డులేకుండ పోవలెను. అతుకులపై సబ్బునీరు రాసి ఊదినచో బుడగలు రాకూడదు. వచ్చినచో అక్కడనుండియే నీరు పోవునని తెలిసికొనుడు. జీపులో గేర్‌బాక్సుకు, ట్రాన్స్‌ఫర్ కేసుకు కూడ బ్రీదర్లు ఉండును. మోకాలిలోతు మించిన నీటిలో తరచుగా తిరుగు బండి అయినచో వాటిని కూడ ఇదే విధముగా పైకెత్తించుట మంచిది.

ఇప్పుడు చాల చోట్ల జరుగుచున్న ఒక తప్పు పని గురించి గట్టిగా చెప్పవలసియున్నది. నీరు పోవుచున్నదని బ్రీదరు రంధ్రమును బోల్టుతోనో, ఎం-సీల్ ముద్దతోనో మూసివేయుచున్నారు. చూచుటకు తెలివైన పనివలెనే కనబడును. కాని వేడెక్కిన గాలి ఎటు పోవలెను? సీలు అంచునుండి నూనెను నెట్టుకొని బయటపడును. చక్రము లోపలి ప్రక్క నూనె కారును. బ్రేకు పట్టాలు బయట ఉన్న బండ్లలో ఆ నూనె బ్రేకుపైననే పడును. అట్టి బండి లోడుతో కాలువగట్టు దిగునప్పుడు బ్రేకు పట్టదు. ఆ వేళ ట్రాలీలో కూలీలు ఉన్నచో ఏమి జరుగునో నేను చెప్పనక్కరలేదు. సాయంకాలము బండి చల్లబడినప్పుడు అదే సీలు అంచునుండి తడి లోనికి పోవును. అనగా మూసిన బ్రీదరు రెండు విధముల నష్టము చేయును. ఒక సీజనులో రెండు మూడు మార్లు సీలు మార్చినను నూనె కారుట ఆగలేదని వచ్చు రైతులకు నేను మొదట ఇచ్చు సలహా, బ్రీదరు చూడుమని. సీలును తప్పుపట్టుటకు ముందు దానిపై ఒత్తిడి ఎందుకు వచ్చినదో చూడవలెను.

ఇదివరకే నీరు చేరినదో లేదో తెలిసికొనుట కష్టము కాదు. నూనె కొలత పుల్ల తీసి చూడుడు. నూనె పాలు కలిపిన కాఫీ రంగునకు తిరిగినచో నీరు కలిసినదే. రంగు మారకపోయినను అనుమానమున్నచో బండిని రాత్రంతయు కదపక ఉంచి, తెల్లవారిన పిమ్మట అడుగు బోల్టును పూర్తిగా తీయక కొద్దిగా వదులు చేయుడు. నీరు నూనెకంటె బరువైనది గనుక అడుగున చేరియుండును, మొదట చుక్కలుగా అదే వచ్చును. మరియొక పరీక్ష మన ఆడవారికి బాగుగా తెలిసినది. పోపు మూకుడులో తడి గరిటె పెట్టినచో ఏమగును? అట్లే వేడిచేసిన ఇనుప రేకుపై రెండు చుక్కల నూనె వేసినచో, దానిలో నీరున్నప్పుడు చిటపటలాడును. లేనప్పుడు నిశ్శబ్దముగా పొగ వచ్చును. రేకును మంటమీదనుండి దించిన పిమ్మట, ముఖము దూరముగా ఉంచి, రెండు చుక్కలు మాత్రమే వేయుడు.

నీరు చేరినదని తేలినచో సీజను ముగియువరకు ఆగుదమనుకొనవద్దు. నీరు కలిసిన నూనె పళ్ళ నడుమ పొరగా నిలువదు, బేరింగు గుండ్లకు త్రుప్పు పట్టించును. ఎన్నో ట్రాక్టర్లలో గేర్లకు, హైడ్రాలిక్ లిఫ్టుకు, నూనెలో మునిగిన బ్రేకులకు అన్నిటికి ఒకే నూనె. అటువంటి బండిలో నీరు చేరినచో చెడునది ఒక భాగము కాదు. బండిని కొంతసేపు నడిపి నూనె గోరువెచ్చనైన పిమ్మట దింపివేయుడు. అప్పుడు మడ్డితో సహా దిగును. తరువాత కంపెనీ పుస్తకములో చెప్పిన రకము నూనెనే పోయవలెను, ఎందుకనగా నూనెలో మునిగిన బ్రేకులు కలవాటికి వేరు రకము నూనె కావలెను. కొలదిసేపు నడిపి మరల చూడుడు. మరల పాలరంగు వచ్చినచో మరల దింపవలసినదే. పదుల లీటర్ల నూనె రెండు మార్లు పారబోయుట ప్రాణము మీదికి వచ్చునట్లుండును, నేనెరుగుదును. క్రౌను పినియను జోడీ వెల తెలిసినవారికి ఆ బాధ కొంత తగ్గును. దింపిన నూనెను కాలువలో పారబోయవద్దు. డబ్బాకెత్తి ఉంచుడు.

2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు వరద విజయవాడను, మున్నేరు వరద ఖమ్మమును ముంచినప్పుడు బండ్లు నీటిలో నిలిచిపోయెను. అట్లు గంటల తరబడి, దినముల తరబడి మునిగి నిలిచిన బండికి బ్రీదరు ఎంత ఎత్తున ఉన్నను నమ్మరాదు. రెండడుగుల నీరు బయటనుండి సీలును ఎడతెగక నొక్కుచుండును. అట్టి బండిని ఇంజను త్రిప్పక ముందే ఇంజను నూనె, గేర్‌బాక్సు నూనె, ఇరుసుల నూనె అన్నియు దింపి చూడవలెను. చక్రముల హబ్బులలోని గ్రీజు కూడ మార్చవలెను. ట్రాలీకి డిఫరెన్షియల్ లేదు గనుక దానికేమి భయమని విడిచిపెట్టుదురు, కాని దాని హబ్బు బేరింగులలోనికి బురద నీరు పోవుట అందరికంటె ముందు జరుగును.

రంపచోడవరము, చింతూరు, ఉట్నూరు ప్రాంతములలో జీపులపై వాగులు దాటు సోదరులకు ప్రత్యేకముగా ఒక మాట. బ్రీదరు పైకెత్తించుకొన్నంత మాత్రమున మీ బండి పడవ కాలేదు. ఈ గొట్టము కాపాడునది ఇరుసు నూనెను మాత్రమే. ఇంజను గాలి పీల్చు నోరు ఎంత ఎత్తున ఉన్నదో అదియే బండికి కడపటి హద్దు. దానిలోనికి నీరు పోయినచో సిలిండరులో నీరు నలుగదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగును. నిలువ నీటికి, పారు నీటికి పోలికయే లేదు. అడుగు లోతు పారు నీరు చిన్న కారును కదల్చగలదు, రెండడుగుల పారు నీరు చాల బండ్లను కొట్టుకొనిపోగలదు. రోడ్డు కనబడని వాగులో దిగవద్దు. ముందు మనిషి నడచి చూచుట మన పెద్దల అలవాటు. కాని ఆ మనిషి నడువలేనంత వడి ఉన్నచో బండియు దిగరాదు. వాగు తగ్గువరకు ఆవలి గట్టున పంట ఆగును, బజారు ఆగును.

దాటదగిన వాగు అయినను దిగుటకు ముందు పదిహేను ఇరువది నిమిషములు ఒడ్డున బండి ఆపి ఇరుసును కొంత చల్లారనిండు. ఒక చుట్ట కాల్చుకొనునంతసేపు అనబోయితిని, కాని అది మరియొక విధమైన ఊపిరితిత్తుల సంగతి. నీటిలో ఒకే గేరులో మెల్లగా, ఆపకుండ నడుపుడు. ఆవలి గట్టు ఎక్కిన పిమ్మట బ్రేకులు రెండు మూడు మార్లు నొక్కి తడి ఆరునట్లు చేయుడు.

ఇదే కారణముచేత ట్రాక్టరును చెరువులో దింపి కడుగు అలవాటు మానవలెను. దినమంతయు పనిచేసి కాలుచున్న ఇరుసును సాయంకాలము గేదెను దింపినట్లు నీటిలో దింపుదురు. ఇంజను ఆగియున్నది, ఇరుసు చల్లబడుచున్నది, బ్రీదరు నీటిలో ఉన్నది – నేను చెప్పిన లెక్క అక్షరాల జరుగుటకు ఇంతకంటె అనువైన వేళ లేదు. సర్వీసింగు పంపు నీటిని బ్రీదరుపైకి, సీళ్ళపైకి నేరుగా కొట్టుటయు ఇట్టిదే. చల్లారిన పిమ్మట గట్టుపై నిలిపి బకెట్టు నీటితో కడుగుట చాలును.

ఇప్పుడు నా సొంత శాస్త్రమునకు వచ్చెదను. మడిలో అంత నీరు అసలు ఎందుకు? దమ్ము చేయుట నీరు ఇంకుట తగ్గించుటకు, కలుపును అణగద్రొక్కుటకు, నారు సులభముగా నాటుటకు. ఈ మూడింటికి నేల ముందుగా బాగుగా నాని, పైన సుమారు 5 సెంటిమీటర్లు, అనగా రెండంగుళముల నీరు నిలిచినచో చాలును. మోకాలిలోతు నీరు నిలిపి దమ్ము చేసినచో గడ్డ సరిగా చితుకదు, చదును కనబడదు, పోసిన ఎరువు మురుగు కాలువ పాలగును. అంతేకాదు, బరువైన ట్రాక్టరుతో ఒకే మడిలో అవసరమునకు మించి తిరిగినచో క్రింద గట్టిగా ఉండవలసిన పొర చెదరి, ఏటేటికి చక్రము మరింత లోతునకు దిగబడును. ఈ ఏడు ఇరుసు అంచు తడిసినచోట వచ్చే ఏడు పెట్టె మునుగును. దిగబడు మడులను గుర్తుపెట్టుకొని వాటికి తేలిక బండిని పంపుట, లేదా ఆ మడులను చివరకు వదలి తక్కువ మార్లు దున్నుట మంచిది. కాలువ నీరు వచ్చిన తొలి దినముననే తూము తీసి మడిని చెరువు చేయు తొందర మన డెల్టాలో మిక్కుటము. ఆ తొందర బండికిని మంచిది కాదు, భూమికిని మంచిది కాదు.

ఈ పనులకు అనువైన కాలము రోహిణి కార్తె. అప్పుడు మెకానిక్కు తీరికగా ఉండును. సీజనులో మాత్రము వారమునకొకసారి బ్రీదరు మూతను వ్రేళ్ళతో త్రిప్పి చూడుడు. వదులుగా కదలు రకము మూత గలగలలాడవలెను. గట్టుకొని ఉన్నచో విప్పి డీజిలులో కడిగి ఊదుడు. పొడిగించిన గొట్టము ఉన్నవారు దాని పై చివర ఫిల్టరును చూడుడు, కందిరీగలు అక్కడ మట్టి గూడు పెట్టుట కద్దు. కొన్ని ట్రాక్టర్లకు క్లచ్చి గది అడుగున చిన్న రంధ్రము ఉండును. దమ్ములో నీరు పోకుండ దానికి వేరుగా ఒక బిరడా బోల్టు ఇత్తురు. దమ్మునకు ముందు దానిని బిగించుట ఎంత ముఖ్యమో, దమ్ము ముగిసిన దినముననే విప్పుట అంతే ముఖ్యము. విప్పనిచో లోపల కారిన నూనె బయటకు పోక క్లచ్చి ప్లేటుకు అంటును. ఆ బోల్టును టూల్ బాక్సులో, ఒక చిన్న గుడ్డలో చుట్టి పెట్టుకొనుడు, మరుసటి ఏటికి వెదకుకొనకుండ.